కంచె దగ్గరి పిల్లలు

నాజీల కాలంలో జరిగిన యూదుల మారణకాండ (హోలోకాస్ట్) గురించి మన పిల్లలకు మొదట తెలిసేది చాలాసార్లు ఒక కథ వల్లనే. సీబీఎస్‌ఈ బడుల్లో తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో నాజీయిజం మీద ఒక పాఠం ఉంది. ఆ పాఠం దాకా రాకముందే ఎవరో ఒకరు చెప్పగా ఓ సినిమా చూసేసిన పిల్లలు ఉంటారు. ఐర్లండ్ రచయిత జాన్ బోయిన్ 2006లో రాసిన 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పైజమాస్' నవలను 2008లో సినిమాగా తీశారు. అది చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు అరుదు. ఆ కన్నీళ్లు ఎవరి కోసం వస్తున్నాయో కాస్త నిదానంగా ఆలోచించాలి.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. బ్రూనో తొమ్మిదేళ్ల జర్మన్ పిల్లాడు. తండ్రి నాజీ సైనికాధికారి. ఆయన్ని ఔష్విట్జ్ శిబిరానికి అధిపతిగా వేయడంతో కుటుంబమంతా బెర్లిన్ వదిలి అక్కడికి వెళ్తుంది. ఆడుకోవడానికి తోడెవరూ లేరు. కిటికీలోంచి చూస్తే దూరంగా ఒక కంచె, దాని వెనక చారల బట్టలేసుకున్న మనుషులు. ఒకరోజు కంచె వెంబడి నడుచుకుంటూ పోతే అవతల ష్ముయేల్ అనే యూదు కుర్రాడు కూర్చుని ఉంటాడు. ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే తేదీన పుట్టినవాళ్లు. స్నేహం కుదురుతుంది. కొన్ని నెలల తర్వాత, కనిపించకుండా పోయిన ష్ముయేల్ తండ్రిని వెతకడంలో సాయం చేద్దామని బ్రూనో తానూ చారల బట్టలు వేసుకుని కంచె కింద నుంచి దూరి లోపలికి వెళ్తాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని గ్యాస్ చాంబర్లో ప్రాణాలు వదులుతారు.

బోయిన్ దీన్ని చరిత్రగా రాయలేదు, నీతికథ లాంటిదని పుస్తకం మీదే వేయించాడు. ఆ మాటను గౌరవించాలి. అయినా 2020 జనవరిలో ఔష్విట్జ్ స్మారక మ్యూజియం ఒక హెచ్చరిక చేసింది. హోలోకాస్ట్ గురించి చదివేవాళ్లు, బోధించేవాళ్లు ఈ నవల జోలికి వెళ్లకపోవడమే మంచిదని బాహాటంగా చెప్పింది. లక్షల మంది పిల్లలు ఇష్టంగా చదివిన పుస్తకం గురించి ఒక మ్యూజియం అంత కటువుగా ఎందుకు మాట్లాడాలి?

కథలో నిజానికి దగ్గరగా ఉన్నవీ ఉన్నాయి. ఔష్విట్జ్ శిబిరాధిపతి రుడాల్ఫ్ హెస్ నిజంగానే భార్యనూ ఐదుగురు పిల్లలనూ పెట్టుకుని శిబిరం గోడ పక్కనే ఇంట్లో కాపురం ఉన్నాడు. చిక్కంతా కంచె దగ్గర వస్తుంది. అక్కడి ముళ్లతీగల్లో కరెంటు పారేది. కాపలా బురుజుల మీద తుపాకులతో సైనికులుండేవారు. రోజూ ఒకే చోట తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడం, తీగ కింద నుంచి దూరడం జరిగే పని కాదు. అంతకన్నా ముఖ్యమైన విషయం, ష్ముయేల్ వయసు పిల్లలు చాలామంది అసలు శిబిరం లోపలికే చేరలేదు. రైలు దిగగానే పని చేయగలవాళ్లను ఒకవైపు, పనికిరారనుకున్నవాళ్లను మరోవైపు నిలబెట్టేవారు. చిన్నపిల్లలు, వాళ్లను ఎత్తుకున్న తల్లులు, ముసలివాళ్లు రెండో వరసలోకి పోయేవారు. ఆ వరస నేరుగా గ్యాస్ చాంబర్‌కే. ఔష్విట్జ్‌కు తరలించిన పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు సుమారు 2,32,000 మంది. వాళ్లలో యూదు పిల్లలే 2,16,000 మంది. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేసరికి అక్కడ ప్రాణాలతో మిగిలినవాళ్లు సుమారు 7,000 మంది. అందులో పదిహేనేళ్ల లోపు పిల్లలు 500 పైచిలుకు.

కంచె సంగతి కథకుడి స్వేచ్ఛ అనుకుని సరిపెట్టుకోవచ్చు. బ్రూనో అమాయకత్వాన్ని మాత్రం నేను సరిపెట్టుకోలేను. వాడికి యూదులంటే ఎవరో తెలియదు. తండ్రి ఏం ఉద్యోగం చేస్తున్నాడో తెలియదు. కంచె ఎందుకుందో తెలియదు. 1940ల బెర్లిన్‌లో, అదీ ఒక నాజీ అధికారి ఇంట్లో పెరిగిన తొమ్మిదేళ్లవాడికి ఇవేవీ తెలియకపోవడం నమ్మశక్యం కాదు. ఆ దేశంలో పదేళ్లు నిండగానే పిల్లల్ని నాజీ బాలదళంలో చేర్చేవారు. 1936లో దానికి చట్టం చేశారు, 1939లో తప్పనిసరి చేశారు. యూదులను విషపు పుట్టగొడుగులతో పోల్చే బొమ్మల పుస్తకం పిల్లల కోసమే 1938లో అచ్చయింది. 1941 సెప్టెంబరు నుంచి జర్మనీలో ఆరేళ్లు నిండిన ప్రతి యూదూ పసుపు నక్షత్రం బట్టల మీద కుట్టుకునే వీధిలోకి రావాలి. బ్రూనో ఈడు పిల్లలకు ద్వేషాన్ని ఎక్కాలతో పాటు నేర్పారు. అదేమీ తెలియని పిల్లాణ్ని సృష్టించడమంటే ఆ పిల్లలకు ఏం చేశారో దాన్ని కథలోంచి తీసేయడమే.

దాని ఫలితం పాఠకుల మీద పడుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇంగ్లండ్‌లో సుమారు 8,000 మంది విద్యార్థులకు హోలోకాస్ట్ గురించి ఏం తెలుసో ఆరా తీసి 2016లో ఒక నివేదిక తెచ్చారు. పిల్లల మాటల్లో ఈ కథే మాటిమాటికీ వచ్చింది. మామూలు జర్మన్లకు జరుగుతున్నది తెలియదన్న అపోహకు ఈ కథ ఊతమిచ్చినట్టు ఆ పరిశోధకులు గమనించారు. మరి కన్నీళ్లు? కథ ముగింపులో మనం బ్రూనో తల్లిదండ్రుల గుండెకోతను చూస్తాం. శిబిరాధిపతి కొడుకు పొరపాటున చనిపోయాడని విలవిలలాడతాం. పొరపాటున కాకుండా పథకం ప్రకారం చనిపోయిన ష్ముయేల్ ఆ దుఃఖంలో పక్కకు జరిగిపోతాడు. వాడి తల్లి ఎక్కడుందో, వాడి కోసం ఎవరు ఏడవాలో కథ పట్టించుకోదు.

కంచెకు అటూ ఇటూ నిలబడి ఇద్దరు చిన్ననాటి స్నేహితులు మాట్లాడుకున్న సంఘటన నిజంగానే ఒకటి జరిగింది. దాన్ని ఈ నవల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ రాసుకున్న డైరీ చదివినవారికి ఆమె స్నేహితురాలు హానా గోస్లర్ గుర్తుండే ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, చిన్నతనం నుంచి ఒకే బడి. 1942 జులైలో ఫ్రాంక్ కుటుంబం అజ్ఞాతంలోకి వెళ్లినప్పుడు, వాళ్లు స్విట్జర్లండ్ వెళ్లిపోయారనే హానా అనుకుంది. 1943లో హానా కుటుంబాన్ని పట్టుకుని, తర్వాత బెర్గెన్ బెల్సెన్ శిబిరానికి పంపారు. జర్మన్ ఖైదీలకు మారుగా విడిపించుకునే అవకాశం ఉన్నవాళ్లంటూ వాళ్లను విడిగా ఒక భాగంలో ఉంచారు. అక్కడ తిండి అరకొరే అయినా పక్క భాగంతో పోలిస్తే నయం. ఆన్‌నూ ఆమె అక్క మార్గోట్‌నూ ఔష్విట్జ్ నుంచి తెచ్చి పడేసింది ఆ పక్క భాగంలోనే. రెంటికీ మధ్య ముళ్లతీగల కంచె. అటువైపువాళ్లు ఇటువైపుకు కనబడకుండా తీగల సందుల్లో గడ్డి కూరారు.

1945 ఫిబ్రవరి. ఆన్ అవతల ఉందని హానాకు కబురు తెలిసింది. రాత్రి చీకట్లో, కాపలావాళ్ల కంట పడితే కాల్చేస్తారని తెలిసీ, కంచె దగ్గరికి వెళ్లి మెల్లగా పిలిచింది. ఫ్రాంక్ కుటుంబంతో పాటు ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న వాన్ పెల్స్ గారి భార్యే అవతల పలికింది. ఆమె వెళ్లి ఆన్‌ను తీసుకొచ్చింది. గడ్డి అడ్డం ఉండటంతో ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. ఇద్దరూ ఏడ్చారు. అమ్మా నాన్నా ఇద్దరూ చనిపోయారనీ తనకిక ఎవరూ లేరనీ ఆన్ చెప్పింది. నిజానికి తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు, ఆ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగింది. హానా తన గుడిసెలోని ఆడవాళ్ల దగ్గర తలా కాస్త పోగేసి, చిన్న మూట కట్టి మర్నాడో ఎప్పుడో మళ్లీ వచ్చి కంచె మీదుగా విసిరింది. అవతల నుంచి ఆన్ కేక వినిపించింది. ఆకలితో ఉన్న ఇంకో మనిషి ఆ మూట పట్టుకుని పారిపోయింది. హానా మరో మూట సిద్ధం చేసుకుని ఇంకోసారి వెళ్లింది. ఈసారి అది ఆన్ చేతికి అందింది. ఆ తర్వాత వాళ్లు కలుసుకోలేదు. కొద్ది రోజుల్లోనే ఆన్ చనిపోయింది. హానా బతికి, జెరూసలేంలో స్థిరపడి, 2022లో కన్నుమూసింది.

పదహారేళ్ల పిల్ల, పదిహేనేళ్ల పిల్ల. ఆ కంచె గురించి ఇద్దరిలో ఎవరికీ తెలియనిదంటూ లేదు. కంచె ఎందుకుందో, దొరికిపోతే ఏమవుతుందో, అవతల ఆకలి ఎంతుందో అన్నీ తెలుసు. తెలిసే వెళ్లింది కాబట్టి ఆ మూటకు అంత విలువ. దాన్ని లాక్కుపోయిన ఆ పేరు తెలియని మనిషినీ తప్పుపట్టలేం. ఎందుకంటే ఆమె కూడా ఆకలితో చచ్చిపోతున్న మనిషే. నీతికథలో ఈ మూడో మనిషికి చోటు దొరకదు. నిజంలో ఆమె ఉంది.

కల్పనలో పిల్లల అమాయకత్వం ఉండకూడదని కాదు నా వాదన. ఉండాలి. ఆ అమాయకత్వానికి ఏమైందో, ఎవరు ఏం చేశారో కథ చూపించాలి. ఆ పని చేసిన పుస్తకాలున్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది హాన్స్ పీటర్ రిక్టర్ 1961లో జర్మన్‌లో రాసిన 'ఫ్రీడ్రిక్'.

రిక్టర్ 1925లో కొలోన్‌లో పుట్టాడు, యుద్ధంలో జర్మన్ సైన్యంలో పనిచేశాడు. నవలలో కథ చెప్పే పిల్లాడూ 1925లోనే పుడతాడు. వాడికి పేరుండదు. అదే ఇంట్లో మరో వాటాలో ఉండే యూదు దంపతులకు వారం తేడాతో ఫ్రీడ్రిక్ పుడతాడు. ఇద్దరూ కలిసి పెరుగుతారు. ప్రతి అధ్యాయానికీ పక్కన ఒక సంవత్సరం వేసి ఉంటుంది. 1933లో ఫ్రీడ్రిక్ తండ్రికి పోస్టాఫీసు ఉద్యోగం ఊడుతుంది. మరుసటి ఏడు ఫ్రీడ్రిక్ ఆ బడి వదిలి యూదుల బడికి మారాల్సి వస్తుంది. ఈత కొలనుకు వెళ్తే అవమానం, పార్కులో కూర్చోవడానికి యూదులకు వేరే బెంచీ, సినిమాకు వెళ్తే గుర్తింపు కార్డు చూపించమనడం. ఒక్కో మెట్టూ చిన్నదే. కథ చెప్పే పిల్లాడి తండ్రి చెడ్డవాడు కాదు. చాన్నాళ్లు ఉద్యోగం లేక అల్లాడినవాడు. పార్టీలో చేరితే బతుకుదెరువు కుదురుతుందని చేరతాడు. చేరాక ఫ్రీడ్రిక్ తండ్రిని కూర్చోబెట్టుకుని, దేశం వదిలి వెళ్లిపొమ్మని మంచిమాటగానే చెబుతాడు.

1938 నవంబరులో యూదుల ఇళ్లమీద, దుకాణాలమీద, ప్రార్థనా మందిరాలమీద మూకలు పడ్డాయి. ఆ అధ్యాయం పెద్దవాళ్లు కూడా జాగ్రత్తగా చదవాలి. ఈ పిల్లాడు దారిలో ఆ గుంపును చూసి వెంటపడతాడు. ఎవరో తోస్తే ఒక భవనం లోపలికి పోతాడు. చేతికి సుత్తి దొరుకుతుంది. ఒకటి పగలగొడతాడు, ఇంకొకటి పగలగొడతాడు, ఉత్సాహం వస్తుంది, ఆగడు. తర్వాత ఒళ్లు అలిసి, మనసు వికలమై ఇంటికి వస్తాడు. ఆ సాయంత్రమే ఒక గుంపు వాళ్ల ఇంటి మెట్లెక్కి ఫ్రీడ్రిక్ వాళ్ల వాటాను ధ్వంసం చేస్తుంది. ఫ్రీడ్రిక్ తల్లి ఆ దాడి తర్వాత చనిపోతుంది. ప్రాణస్నేహితుడి మీద ఈ పిల్లాడికి ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంది, సుత్తీ పట్టుకున్నాడు. రెండూ ఒకే పిల్లాడిలో ఉండగలవని రాయడానికి రచయితకు గుండె నిబ్బరం కావాలి, ముఖ్యంగా తన తరం గురించి రాస్తున్నప్పుడు.

చివరి అధ్యాయాలు 1942వి. తండ్రిని పట్టుకుపోయారు, ఫ్రీడ్రిక్ ఎక్కడో దాక్కుని ఉంటున్నాడు. ఒక రాత్రి మురికి బట్టలతో, ఆకలితో స్నేహితుడి ఇంటికి వస్తాడు. ఎందుకొచ్చావంటే, అమ్మానాన్నల ఫొటో ఒకటి మీ దగ్గర ఉండాలి, అది కావాలంటాడు. వాళ్లు వెతుకుతుండగానే సైరన్ మోగుతుంది. బాంబుల దాడి. ఇంట్లోవాళ్లు నేలమాళిగలోని రక్షణ గదికి దిగుతారు. యూదు కుర్రాణ్ని అక్కడికి తీసుకెళ్లలేరు కాబట్టి పైనే వదిలేస్తారు. బాంబులు దగ్గరపడ్డాక ఫ్రీడ్రిక్ వచ్చి తలుపు బాదుతాడు. రక్షణ గది బాధ్యత ఇంటి యజమాని రెష్‌ది. లోపలున్నవాళ్లు కొందరు రానివ్వమంటారు. రెష్ ఒప్పుకోడు, ఎదురు చెప్తే పైవాళ్లకు ఫిర్యాదు చేస్తానంటాడు. అందరూ ఊరుకుంటారు. దాడి ఆగాక బయటికొస్తే ఫ్రీడ్రిక్ గుమ్మం మెట్ల మీదే చనిపోయి ఉంటాడు. కథ చెప్పే పిల్లాడి తల్లి తట్టుకోలేకపోతే, నువ్వు ఏడిస్తే మనమూ చిక్కుల్లో పడతామని తండ్రి ఆమెను నెమ్మదిగా వారిస్తాడు. ఈ పుస్తకంలో గ్యాస్ చాంబర్ ఎక్కడా కనిపించదు. ఒక తలుపు, దాని లోపల కూర్చున్న ఇరుగుపొరుగు. హత్యకు అవి చాలాయి.

స్నేహం నిలబడ్డ కథ కావాలంటే డెన్మార్క్ వైపు చూడాలి. అమెరికా రచయిత్రి లోయిస్ లౌరీ 1989లో రాసిన 'నంబర్ ద స్టార్స్' కోపెన్‌హేగన్‌లో 1943లో జరుగుతుంది. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో డెన్మార్క్ యూదులను పట్టుకుపోవడానికి జర్మన్లు సిద్ధమవుతున్నారన్న సంగతి ముందే బయటికి పొక్కింది. డేన్ ప్రజలు వాళ్లను ఇళ్లల్లో, చర్చిల్లో, ఆస్పత్రుల్లో దాచి, చేపల పడవల్లో స్వీడన్‌కు దాటించారు. అలా బయటపడ్డ యూదులు సుమారు 7,200 మంది. దొరికిపోయినవాళ్లు 500కు లోపే.

పదేళ్ల ఆన్‌మరీ, ఆమె స్నేహితురాలు ఎలెన్ ఈ కథలోవాళ్లు. ఎలెన్ యూదు పిల్ల. సైనికులు అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు ఎలెన్ మెడలోని నక్షత్రపు గొలుసు ఊడి రాదు. ఆన్‌మరీ దాన్ని పుటుక్కున తెంపి పిడికిట్లో దాచుకుంటుంది. వాళ్లు వెళ్లాక చెయ్యి విప్పి చూస్తే అరచేతిలో ఆ నక్షత్రం అచ్చు పడి ఉంటుంది.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించే ఘట్టం తర్వాత వస్తుంది. పెద్దవాళ్లు ఆన్‌మరీకి అన్నీ చెప్పరు. చనిపోయిన ముసలావిడ పేరు చెప్పి ఒక శవపేటిక తెస్తే, అలాంటి ముసలావిడ మన కుటుంబంలో లేనే లేదని పిల్ల పసిగట్టి మేనమామను నిలదీస్తుంది. తక్కువ తెలిస్తే ధైర్యంగా ఉండటం తేలికని ఆయన నచ్చజెబుతాడు. అంటే ఇక్కడ తెలియకపోవడం పిల్లను కాపాడటానికి పెద్దలు ఆలోచించి చేసిన పని, దాన్ని కూడా పిల్ల ప్రశ్నిస్తుంది. ఆ తర్వాత తెల్లవారుజామున బుట్టలో ఒక పొట్లం పెట్టుకుని పడవ దగ్గరికి పరిగెత్తుతూ సైనికుల చేతికి చిక్కుతుంది. అప్పుడు ఏం చేస్తుందో చూడండి. ఐదేళ్ల చెల్లెలు కిర్‌స్టీ ఎలా మాట్లాడుతుందో గుర్తు తెచ్చుకుని అలాగే వెర్రిబాగుల పిల్లలా నటిస్తుంది. మామయ్యకు అన్నం క్యారేజీ తీసుకెళ్తున్నానని ముద్దుముద్దుగా చెబుతుంది. అమాయకత్వాన్ని అడ్డుపెట్టుకుని మనుషుల ప్రాణాలు కాపాడుతుంది. పొట్లంలో ఉన్నది, దాక్కున్నవాళ్లను వాసన పట్టే సైనికుల కుక్కల ముక్కును మొద్దుబార్చే మందు పూసిన రుమాలు. అలాంటివి ఆ రోజుల్లో పడవలవాళ్లు నిజంగానే వాడారు.

ఫ్రెడ్ ఉల్మన్ రాసిన 'రీయూనియన్' చిన్న పుస్తకం, ఒక పూటలో చదివేయవచ్చు. 1932లో స్టుట్‌గార్ట్‌లో పదహారేళ్ల యూదు డాక్టర్ కొడుకుకూ ఒక జమీందారీ వంశపు కుర్రాడికీ కుదిరిన స్నేహం గురించి. నాటకశాలలో తల్లిదండ్రుల పక్కన ఉన్నప్పుడు ఆ పెద్దింటి కుర్రాడు స్నేహితుణ్ని చూసీ చూడనట్టు వెళ్లిపోయే సన్నివేశం చాలు, స్నేహం ఎక్కడ చిట్లుతుందో తెలుస్తుంది. దాని చివరి వాక్యం ఏమిటో నేను చెప్పను, చదవబోయేవారికి ద్రోహం చేసినట్టవుతుంది.

సినిమాల్లో లూయీ మాల్ 1987లో తీసిన 'ఓ రెవ్వార్ లేజాఁఫాఁ' పిల్లలతో కలిసి కూర్చుని చూడదగ్గది. మాల్‌కు పదకొండేళ్లప్పుడు, ఫ్రాన్స్‌లోని ఆవోఁ అనే ఊళ్లో ఆయన చదువుతున్న క్రైస్తవ బడిలో పెద్ద ఫాదర్ జాక్ ముగ్గురు యూదు పిల్లలకు మారుపేర్లు పెట్టి దాచాడు. 1944 జనవరి 15న నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో వచ్చి ఆ ముగ్గురినీ, ఫాదర్‌నూ పట్టుకుపోయింది. పిల్లలు ఔష్విట్జ్‌లో చనిపోయారు. ఫాదర్ జాక్ మౌట్‌హౌజన్ శిబిరం నుంచి విడుదలయ్యాక కొద్ది వారాలకే పోయాడు. సినిమాలో గెస్టపో అధికారి తరగతి గదిలోకి వచ్చి యూదు పిల్లాడెవరని అడిగినప్పుడు, కథానాయకుడు జూలియన్ అదాటున స్నేహితుడి వైపు చూస్తాడు. ఆ చూపు అధికారి కంట పడుతుంది. భయంతో, ఆపేక్షతో చూసిన చూపే స్నేహితుణ్ని పట్టించింది.

ఏ పుస్తకం ఏ వయసులో ఇవ్వాలని తల్లిదండ్రులు, టీచర్లు అడిగితే నా లెక్క ఇది. పది, పదకొండేళ్లకు లౌరీ నవల సరిపోతుంది. ఎందుకంటే అందులో భయముంది, దాంతోపాటు భయపడుతూనే పనిచేసే పెద్దవాళ్లూ ఉన్నారు. 'ఫ్రీడ్రిక్' పదమూడు దాటాక, పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండి చదివిస్తే మేలు. సుత్తి అధ్యాయం తర్వాత పిల్లలకు ప్రశ్నలు వస్తాయి. వాటికి జవాబు చెప్పేవాళ్లు దగ్గరుండాలి. బోయిన్ సినిమా ఇప్పటికే చూసిన పిల్లల్ని మందలించాల్సిన పని లేదు. తొమ్మిదో తరగతి పాఠంలో పదేళ్ల జర్మన్ పిల్లల్ని బాలదళంలో చేర్చిన సంగతి ఉంటుంది. ఆ పేజీ, ఆ సినిమా రెండూ పక్కపక్కన పెట్టి, బ్రూనోకు ఇవి తెలియకుండా ఉండే వీలుందా అని అడిగితే చాలు. పిల్లలే తేలుస్తారు.

హంగరీ రచయిత ఇమ్రె కెర్తేస్ 1975లో ప్రచురించిన 'ఫేట్‌లెస్‌నెస్' మాత్రం పెద్ద తరగతులవాళ్లకే. కెర్తేస్ పద్నాలుగేళ్ల వయసులో 1944లో ఔష్విట్జ్, తర్వాత బుహెన్‌వాల్డ్ చూసినవాడు. 2002లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నవలలో కుర్రాడికీ పద్నాలుగేళ్లే. అన్నిటికీ కారణం ఉండే ఉంటుందని నమ్మే రకం. రైలు దిగగానే చారల బట్టల ఖైదీలను చూసి వీళ్లెవరో నేరస్తులనుకుంటాడు. వాళ్లలో ఒకరు గుసగుసగా చెప్పబట్టి వయసు పదహారని చెప్పి బతికిపోతాడు. డాక్టర్ మనుషుల్ని ఎంచే తీరు చూసి, ఎవరు పనికొస్తారో ఎవరు రారో తానూ మనసులో అంచనాలు వేస్తాడు. అమాయకత్వం హంతకుడి కళ్లతో చూడటం నేర్చుకుంటున్న క్షణం అది. శిబిరంలో బండి సిత్రోమ్ అనే పెద్ద కుర్రాడు వాడికి స్నేహితుడవుతాడు. ఆ స్నేహం ఏమిటంటే, ఎంత చలైనా ఒళ్లు కడుక్కోవాలని, ఇచ్చిన రొట్టెలో కొంత రేపటికి దాచుకోవాలని పట్టుబట్టి నేర్పడం. కన్నీళ్లు తెప్పించే మాటలు ఆ పుస్తకంలో వెతికినా దొరకవు. కుర్రాడు చెప్పనిదంతా చదివేవాళ్లే పూరించుకోవాలి. అందుకు చరిత్ర కొంత తెలిసి ఉండాలి కాబట్టి పదహారేళ్లు దాటాక, మిగతావన్నీ చదివాక అది చేతికివ్వండి.